హోమ్ రన్ల జట్టా, చిన్న హిట్ల జట్టా: అక్టోబర్‌లో ఏది మేలు?

అట్లాంటాలో మనవాళ్లు నలుగురు కలిస్తే, అందులోనూ మా ఊరి బేస్‌బాల్ జట్టు బ్రేవ్స్ బ్యాటింగ్ మొరాయించిన వారమైతే, నన్ను అడిగేది ఇదే: హోమ్ రన్లు (బంతిని గోడ దాటించే షాట్లు) బాదే జట్టు మేలా, బంతిని ఎలాగోలా ఆడి బేసులు దాటుకుంటూ వచ్చే జట్టు మేలా? నేను బ్రేవ్స్ మనిషిని. అయినా నా ఓటు రెండోదానికే.

2023లో మా జట్టు 307 హోమ్ రన్లు కొట్టింది, 2019లో మిన్నెసోటా ట్విన్స్ పెట్టిన రికార్డుతో సమానం. మా ఓల్సన్ ఒక్కడివే 54. మొత్తం 104 గెలుపులు. తీరా సీజన్ చివర అక్టోబర్‌లో జరిగే ప్లేఆఫ్స్‌లో ఫిలడెల్ఫియా ఫిలీస్ మీద నాలుగు మ్యాచ్‌లు కలిపి ఎనిమిదంటే ఎనిమిదే పరుగులు, ఓడి ఇంటికి వచ్చేశాం. ఆ ట్విన్స్ కూడా 2019లో యాంకీస్ చేతిలో మూడుకు మూడూ ఓడారు.

అలాగని హోమ్ రన్‌ని తీసిపారేయలేను. ఆ సిరీస్ రెండో మ్యాచ్‌లో 4-0 వెనకబడ్డాక మా డార్నో, రైలీ చెరో రెండు పరుగుల హోమ్ రన్ కొట్టబట్టే 5-4తో బయటపడ్డాం. మమ్మల్ని ముంచిన ఫిలీస్ కూడా మూడో మ్యాచ్‌లో ఆరు కొట్టారు. కానీ నాలుగో మ్యాచ్ ఏడో ఇన్నింగ్స్ ఇప్పటికీ కళ్లముందే ఉంది. మూడు బేసుల మీదా మావాళ్లే, రెండు ఔట్లు అయిపోయాయి (మూడోదైతే ఇన్నింగ్స్ ముగిసినట్టే), మా అకూన్యా కొట్టిన బంతి మైదానం ఎడమ-మధ్య భాగంలోకి లేచింది, నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను, ఫిలీస్ ఫీల్డర్ రోహాస్ గోడ దాకా పరుగెత్తి పట్టేశాడు. ఆ రోజు మాకు వచ్చింది ఒకటే పరుగు, అదీ రైలీ హోమ్ రనే.

నా దృష్టిలో తేల్చేది ఇదొక్కటే: బంతి గోడ దాటని రోజు పరుగు ఎక్కణ్నుంచి వస్తుంది? అక్టోబర్‌లో ఎదురయ్యేవాళ్లంతా మేటి పిచ్చర్లే (బంతి విసిరేవాళ్లు), పైగా చలికి బంతి అంత దూరం పోదు.

2014 కాన్సాస్ సిటీ రాయల్స్‌ని చూడండి. సీజన్ మొత్తం మీద 95 హోమ్ రన్లు, మేజర్ లీగుల్లో అందరికంటే తక్కువ. 153 స్టీల్స్ (పిచ్చర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరడం), అందరికంటే ఎక్కువ. ఓక్లాండ్‌తో వైల్డ్ కార్డ్ మ్యాచ్‌లో (ఓడితే ప్లేఆఫ్స్ నుంచి ఇంటికే) 7-3 వెనకబడి కూడా 12 ఇన్నింగ్స్‌లో 9-8తో గెలిచారు, ఒక్క హోమ్ రన్ కూడా లేకుండా, ఏడు స్టీల్స్‌తో. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రాయల్స్ ఆటగాడు డైసన్ మూడో బేస్ దొంగిలించాడు (స్టీల్ చేశాడు), తోటి ఆటగాడు ఆవోకి గాల్లోకి లేపి క్యాచ్ ఇచ్చిన మామూలు ఫ్లై మీద హోమ్ ప్లేట్‌కి (పరుగు పూర్తయ్యే చోటికి) వచ్చి స్కోరు సమం చేశాడు. ఆ పరుగుకి పెద్ద షాట్ అక్కర్లేకపోయింది. మరుసటి ఏడు వీళ్లే అందరికంటే తక్కువ స్ట్రైకౌట్లతో (మూడు స్ట్రైకులు పడి ఔటవడం) న్యూయార్క్ మెట్స్‌ని ఓడించి వరల్డ్ సిరీస్ కప్పు కొట్టారు.

వాక్‌ల కోసం (నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే ఉచితంగా మొదటి బేస్ దక్కుతుంది) ఓపిగ్గా కాచుకునే పద్ధతి మంచిదే, కానీ బేస్ మీదికెక్కినవాణ్ని హోమ్ ప్లేట్‌కి తేవడానికి మళ్లీ ఎవరో బంతిని ఆడాల్సిందే. బంట్ గురించి (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తాకించి, తాను ఔటైనా బేస్ మీదున్నవాణ్ని ముందుకి జరపడం) అడగకండి, చేతులారా ఒక ఔట్ ఇచ్చేయడం నాకు నచ్చదు.

మా బ్రేవ్స్‌ని హోమ్ రన్లు మానమనడం లేదు. రెండు స్ట్రైకులు పడ్డాక, మూడో బేస్ మీద మనవాడున్నప్పుడు, బ్యాట్ కాస్త పొట్టిగా పట్టుకుని బంతిని నేల మీదైనా సరే తాకించమంటున్నాను.