మూడున్నరేళ్లు తొక్కాక చెప్తున్నా: ఇంట్లోకి ఎక్సర్‌సైజ్ బైక్ కొనాలా వద్దా

మొన్న రాత్రి మా చెల్లి గుంటూరు నుంచి ఫోన్. "అక్కా, ఎక్సర్‌సైజ్ బైక్ ఆఫర్లో 11,000కే వస్తోంది, రాత్రి పన్నెండు దాటితే రేటు పెరిగిపోద్దంట, కొట్టెయ్యనా ఆర్డరు?" అని. ఆగవే తల్లీ అని గంటసేపు దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. ఎందుకంటే నేను ఒకటి కాదు, రెండు కొన్నా. మొదటిది పూర్తిగా దండగ. రెండోది 2022 జనవరిలో వచ్చింది, మూడున్నరేళ్ల నుంచి హాల్లోనే ఉంది, వారానికి నాలుగు రోజులన్నా తొక్కుతున్నా.

ముందు దండగమారి దాని సంగతి. 2020 ఆగస్టులో, లాక్‌డౌన్ గోల ఇంకా పూర్తిగా పోలేదు, అందరం ఇంట్లోనే కూర్చుని తినడం, అప్పుడు 9,200 పెట్టి ఎయిర్ బైక్ అని కొన్నాం. ముందు చక్రం బదులు పెద్ద ఫ్యాన్ ఉంటుంది, చేతులతో పట్టుకునే హ్యాండిళ్లు కూడా ముందుకీ వెనక్కీ ఊగుతాయి. ఎంత స్పీడుగా తొక్కితే గాలి అంత అడ్డం పడుతుంది, అంత బరువుగా ఉంటుంది, అదీ దాని పద్ధతి. చెడ్డ వస్తువేం కాదు, కాకపోతే తొక్కుతుంటే పక్కింట్లో గ్రైండర్ తిరుగుతున్నట్టు సౌండు, టీవీలో మాటలు వినపడవు. హాల్లో పెడితే చూడ్డానికి బాగోదని మా ఆయన దాన్ని బెడ్‌రూమ్‌లో బీరువాకీ కిటికీకీ మధ్య ఇరికించారు. తొక్కాలంటే బయటికి లాగాలి, అయ్యాక మళ్లీ లోపలికి తొయ్యాలి. సంక్రాంతి వచ్చేసరికి ఒక హ్యాండిల్‌కి తువ్వాలు, ఇంకోదానికి నైటీలు. చివరికి 2,500కి అమ్మేశాం, బాచుపల్లి నుంచి ఒకాయన ఆటో ట్రాలీ వేసుకుని వచ్చి "అసలు వాడలేదేంటండీ, పెడళ్లు కూడా అరగలేదు" అన్నాడు మెచ్చుకోలుగా. నాకు తల కొట్టేసినట్టయింది.

రెండోది సరదాకి కొన్నది కాదు. 2021 చివర్లో టెస్టులు చేయిస్తే మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గుమ్మం దగ్గర నిలబడినట్టే, రోజూ అరగంట నడవండి అన్నారు డాక్టరు గారు. హైదరాబాద్‌లో మా నిజాంపేటలో నడవడమంటే తెలిసినోళ్లకి తెలుసు, ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండ్లు, తెల్లారుజామున కుక్కలు, వానాకాలం మూడు నెలలు మోకాళ్లలోతు నీళ్లు. గల్లీ చివర జిమ్ ఏడాదికి 14,000 అన్నాడు. అయితే ఇంట్లోకే ఇంకో బైక్ అన్నా, మా ఆయన ఏం మాట్లాడలేదు, బీరువా పక్క ఖాళీ వైపు ఒకసారి చూశారంతే.

ఈసారి కొన్నది స్పిన్ బైక్, 17,800 పడింది. ముందు 8 కిలోల బరువు చక్రం, చైన్ కాకుండా బెల్టు, తొక్కుడు బరువెక్కించే టెన్షన్ నాబ్ తిప్పితే అయస్కాంతంతో పనిచేసే రకం. ఇక్కడ ఒక్క విషయం మాత్రం పట్టి చూడండి. తక్కువ రేటు స్పిన్ బైకుల్లో నాబ్ తిప్పినప్పుడు ఉన్నితో చేసిన ఒక దిండు ముక్కలాంటిది వచ్చి చక్రాన్ని నొక్కుతుంది, సైకిల్ బ్రేకు లాగే. అది అరుగుతుంది, నల్లగా పొడి రాలుద్ది, ఎండిపోతే కీచుమంటుంది, మా ఆఫీసులో ఒకావిడ ఏడాదిన్నరలో రెండుసార్లు మార్పించింది. అయస్కాంతం రకంలో తొక్కేటప్పుడు చక్రాన్ని ఏదీ తగలదు, అయస్కాంతాలు దగ్గరికొచ్చేకొద్దీ బరువెక్కుతుంది, అంతే. సౌండు లేదు, అరుగుడు లేదు. మాది ఇన్నాళ్లలో ఆ భాగం ముట్టుకోలేదు. మూడు నాలుగు వేలు ఎక్కువైనా పెట్టాల్సింది అక్కడ, స్క్రీన్‌కీ యాప్‌కీ కాదు.

స్క్రీన్ అన్నా కదా, దాని బండారం చెప్తా. మొదటి వారంలో అరగంట తొక్కితే 412 కేలరీలు అని చూపించింది. నేను ఎగిరి గంతేసి ఆ సాయంత్రం రెండు గారెలు ఎక్స్‌ట్రా తిన్నా. తర్వాత ఎందుకో అనుమానమొచ్చి ఒకరోజు పది నిమిషాలు నాబ్ పూర్తిగా వదులు చేసి తొక్కా, ఇంకోరోజు అదే స్పీడులో నాబ్ బిగించి చెమటలు కారేలా తొక్కా. రెండుసార్లూ కేలరీలు ఇంచుమించు ఒకటే! అంటే అది చూసేది చక్రం ఎన్నిసార్లు తిరిగిందనేదే, నేనెంత కష్టపడ్డానో దానికి తెలీదు. అసలు లెక్క మా ఆయన చెప్పారు: 100 వాట్ల బలంతో గంట తొక్కితే సుమారు 360 కేలరీలు, అరగంటకి 180. కొత్తగా మొదలెట్టిన నాలాంటోళ్లకి అరగంటసేపు ఆపకుండా 100 వాట్లే గగనం. ఇక 412 ఎక్కడిది. అప్పట్నుంచీ టైమ్ ఒక్కటే చూస్తా. పక్కనోళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, ఆ మాత్రం ఆయాసం ఉంటే సరిగ్గా తొక్కుతున్నట్టు. అలా వారానికి 150 నిమిషాలు చెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా, నేను 30 నిమిషాలు ఐదు రోజులు అనుకుంటా, నాలుగు రోజులవుతుంది.

ఇక సీటు. ఎవరూ ముందు చెప్పరు గానీ మొదటి పది రోజులు కూర్చునే చోట నొప్పి మామూలుగా ఉండదు. ఆఫీసులో కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చునేదాన్ని. 600 పెట్టి జెల్ కవర్ కొన్నా, అది తొక్కుతుంటే పక్కకి జారడం, తాడు బిగించడం, ఇంకా చిరాకు. అసలు తప్పు వేరే చోట ఉంది. హ్యాండిల్ మరీ కిందకి పెట్టుకుని ముందుకి వాలిపోయి తొక్కుతున్నా, బరువంతా సీటు కొన మీద పడుతోంది. హ్యాండిల్ రెండు గళ్లు పైకి లేపి, సీటు బల్లపరుపుగా పెట్టాక సగం నొప్పి పోయింది, మిగతా సగం అలవాటయ్యి పోయింది. నెల దాటినా తగ్గకపోతే సైకిల్ తొక్కేవాళ్లు వేసుకునే మెత్త ఉన్న షార్ట్స్ తీసుకోండి, సీటుకి మెత్త కట్టడం కన్నా అది నయం.

ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం. బిగించడానికి వచ్చిన అబ్బాయి సీటు కిందకి పెట్టి "మేడం, కాళ్లు నేలకి అందుతున్నాయి కదా, కరెక్ట్" అనేసి వెళ్లిపోయాడు. కాళ్లు నేలకి అందడానికి ఇదేమైనా స్కూటీనా? మూడు వారాల్లో మోకాలి చిప్ప ముందు భాగం మెట్లు దిగుతుంటే కలుక్కుమనడం మొదలైంది. తర్వాత తెలిసింది చూసుకునే పద్ధతి: సీటు మీద కూర్చుని పెడల్ అట్టడుగుకి తెచ్చి, దాని మీద మడమ పెట్టాలి, అప్పుడు కాలు తిన్నగా చాపినట్టు ఉండాలి. తొక్కేటప్పుడు మడమతో కాదు కదా, ముందు పాదంతో, అప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అది సరైన ఎత్తు. నేను మూడు గళ్లు పైకి లేపా, రెండు వారాల్లో కలుకు పోయింది. మా ఆయన నాకన్నా పొడుగు, ఆయన తొక్కాక మళ్లీ మార్చుకోవాలి, అందుకే సీటు కడ్డీ మీద నా గడి దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టా.

రిపేర్ల దగ్గరికొస్తే ఒకటే పెద్దది. ఏడో నెలలో ఎడమ పెడల్ తిరిగినప్పుడల్లా టక్ టక్ అనేది. నేను పానా తీసుకుని బిగిద్దామని కుడివైపుకి తిప్పా, ఇంకా వదులైంది! ఎందుకంటే ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, మామూలు సైకిళ్లక్కూడా అంతే, కుడిది కుడికి బిగుస్తుంది, ఎడమది ఎడమకి. అది తెలియకో తొందరలోనో బిగించిన రోజే ఆ అబ్బాయి వంకరగా ఎక్కించేశాడు, మేం అలాగే తొక్కీ తొక్కీ పెడల్ పట్టే కడ్డీలో మరలన్నీ చెడిపోయాయి. కంపెనీ వాళ్లకి ఫోన్ చేస్తే వారంటీ ఫ్రేముకే మేడం, ఇది అరుగుదల కిందకి వస్తుంది అన్నారు. ఏడు నెలలకి అరుగుదలేంటండీ. ఫోటోలు, వీడియో, బిల్లు అన్నీ పంపించి, రోజూ సాయంత్రం నాలుగింటికి టీ తాగుతూ వాళ్లకి ఫోన్ చెయ్యడం ఒక డ్యూటీలా పెట్టుకుంటే 26వ రోజున కొత్త కడ్డీ వచ్చింది. మనిషి రాలేదు, కడ్డీ ఒక్కటే కొరియర్లో వచ్చింది. గల్లీలో సైకిల్ షాపు తాత వచ్చి వంద రూపాయలకి పది నిమిషాల్లో బిగించి వెళ్లాడు. కాబట్టి డెలివరీ రోజే పెడళ్లు చేత్తో మొదటి నాలుగు చుట్లు నునుపుగా తిరుగుతున్నాయో లేదో దగ్గరుండి చూస్కోండి, మొదటి చుట్టుకే పానా పెడుతుంటే ఆపెయ్యండి.

ఇంకోటి చెమట. బయట సైకిల్ తొక్కితే గాలి తగులుతుంది, ఇంట్లో ఉన్నచోటే కదా, పావుగంటకే ధారలు. అది హ్యాండిల్ మీదుగా కారి బోల్టుల్లోకి పోయి తుప్పు. రెండో వేసవిలో హ్యాండిల్ ఎత్తు మార్చే పిన్ను పూర్తిగా పట్టేసింది, కొబ్బరినూనె పోసి సుత్తితో తట్టి తీశాం. ఇప్పుడు ఎదురుగా టేబుల్ ఫ్యాన్, హ్యాండిల్ మీద పాత తువ్వాలు, అయ్యాక పొడిగుడ్డతో ఒక తుడుపు. ఫ్యాన్ లేకుండా తొక్కిన రోజు నేను పన్నెండు నిమిషాలకే దిగిపోతా, ఫ్యాన్ ఉంటే అరగంట తెలీదు, అంత తేడా. కింద రబ్బరు మ్యాట్ కూడా తప్పదు, బైక్ సౌండు చెయ్యకపోయినా అదురు కింది ఫ్లోర్‌కి దిగుతుంది. కింద ఆంటీ ఒకరోజు వచ్చి "ఏమ్మా, పొద్దున్నే ఐదున్నరకి పిండి రుబ్బుతున్నావా" అని అడిగారు.

చిన్నపిల్లలున్న ఇల్లయితే ఇది కచ్చితంగా వినండి. స్పిన్ బైకుల్లో పెడలూ చక్రమూ కలిసే తిరుగుతాయి, మీరు కాళ్లు ఆపినా బరువు చక్రం పెడళ్లని తిప్పుతూనే ఉంటుంది. సడన్‌గా ఆపాలంటే నాబ్‌ని కిందకి నొక్కాలి, అదే బ్రేకు. మొదట్లో నా చున్నీ పెడల్ కడ్డీకి చుట్టుకుంది, ఆ క్షణంలో బ్రేకు గుర్తురాక అరిచా, మా ఆయన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నొక్కారు, మెడ మీద గీత వారం రోజులుంది. చున్నీ వద్దు, చీర అసలే వద్దు, పిల్లలు దగ్గరికి రాకుండా చూసుకుని, తొక్కడం అయ్యాక నాబ్ పూర్తిగా బిగించేసి దిగండి, చక్రం అంత తేలిగ్గా తిరగదు.

బరువు తగ్గానా అంటే, మూడు నెలల్లో రెండు కిలోలు తగ్గి, ఆరో నెలకి ఒక కిలో తిరిగొచ్చింది. తొక్కిన రోజు ఆకలి ఎక్కువేస్తుంది, తొక్కాం కదా అని చెయ్యి కూడా ధారాళంగా ఆడుతుంది. షుగర్ మాత్రం ఆర్నెల్లకి 6.1 నుంచి 5.7కి దిగింది. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు తింటున్నది కూడా అప్పట్నుంచే, కాబట్టి మొత్తం పుణ్యం బైక్‌ది అనలేను. మెట్లెక్కితే ఆయాసం పోవడం మాత్రం దీనిదే, లిఫ్ట్ చెడిపోయిన రోజు నాలుగో ఫ్లోర్‌కి కూరల సంచితో ఎక్కేశా.

మా అత్తయ్య గారు ఒకసారి ముచ్చటపడి ఎక్కబోయారు. సీటు ఎత్తు, కాలు అవతలికి వెయ్యడమే కష్టం, ముందుకి వాలితే నడుము. రెండు నిమిషాలు తొక్కి "ఇదేం సైకిలే అమ్మాయ్, ఎంత తొక్కినా గుమ్మం దాటదు" అని దిగిపోయారు. పెద్దవాళ్ల కోసమైతే స్పిన్ బైక్ వద్దు, వెనక వీపు ఆనుకునే సీటుండి కాళ్లు ముందుకి చాపి తొక్కే రకం చూడండి, చోటు ఎక్కువ తింటుంది గానీ వాళ్లు ఎక్కగలరు, దిగగలరు.

మా ఆయనకేమో ఇది నచ్చదు. 2023 అక్టోబర్లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు కదా, అక్కడికి పోతారు. సైకిల్ కారు వెనక కట్టుకుని, కారేసుకుని వెళ్లి, గంట సైకిల్ తొక్కి, మళ్లీ కారులో వస్తారు. ట్రాక్ బాగుంటుంది, ఒప్పుకుంటా. ఆయన నెలకి రెండుసార్లు వెళ్తారు, నేను కుక్కర్ మూడు విజిల్సు వచ్చేలోపు సగం ఎక్సర్‌సైజు అయిపోగొడతా.

చెల్లికి చివరికి ఏం చెప్పానంటే, ఆ 11,000ది ఉన్ని దిండు రకమో అయస్కాంతం రకమో ముందు చూడు, ఎంత బరువు మనిషిని మోస్తుందో చూసి మీ ఆయన బరువు మీద ఇంకో 20 కిలోలు కలిపి లెక్కేసుకో. అంతకన్నా ముందు టేపు తీసుకుని మీ హాల్లో టీవీకి ఎదురుగా నాలుగడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు నేల మీద సుద్దముక్కతో గీసి నెల రోజులు అలాగే ఉంచు, ఆ చోట కుర్చీ, బియ్యం బస్తా, బట్టల బుట్ట ఏదీ చేరకుండా ఉంటే అప్పుడు కొను, ఆఫర్లు మళ్లీ వస్తాయి. "బెడ్‌రూమ్‌లో పెట్టుకుంటానక్కా, హాల్లో మా అత్తగారు ఒప్పుకోరు" అంది. అయితే వద్దులేవే అన్నా. కోపమొచ్చినట్టుంది, ఫోన్ పెట్టేసింది. పొద్దున్నే వాట్సాప్‌లో ఫోటో పెట్టింది, హాల్లో గచ్చు మీద సుద్ద గీత, దాని మధ్యలో వాళ్ల అత్తగారు పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.