అమీర్‌పేటలో గేమ్ ఆర్ట్ కోర్సుకు డబ్బు కట్టబోతున్నారా? ఇది చదివాకే కట్టండి

ఇప్పుడే ఇంటికొచ్చాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఏ ఇన్‌స్టిట్యూటో అటు తిరిగినవాళ్లకు తెలుసు. గోడనిండా గేమ్ హీరోల పోస్టర్లు, వంద శాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు. ఏడాది కోర్సు, లక్షా 60 వేలు. నాన్న చీటీ పాడి కట్టారు.

ఏడాదంతా చేయించింది కంప్యూటర్‌లో ఒక్క హెల్మెట్ 3డి మోడల్. సార్ స్క్రీన్ మీద చేస్తుంటే బ్యాచంతా చూసి అదే చేశాం, పోర్ట్‌ఫోలియోలో అదే పెట్టాం. పోయిన వారం ఇంటర్వ్యూలో లీడ్ ఆర్టిస్ట్ రెండర్, అంటే రంగులూ వెలుగూ అద్దిన చివరి బొమ్మ, వంక చూడనే లేదు. "వైర్‌ఫ్రేమ్ చూపించమ్మా" అన్నారు, అంటే మోడల్ లోపలి గీతల వల. ఆ వలలో ట్రయాంగిల్స్ ఎన్ని, నార్మల్ మ్యాప్ నువ్వే బేక్ చేశావా అని అడిగారు. జీబ్రష్ అనే సాఫ్ట్‌వేర్‌లో లక్షల పాలీగాన్లతో చెక్కిన వివరాన్ని ఆ మ్యాప్ అనే ఇమేజ్‌లోకి దించి (బేక్ చేయడమంటే అదే), తేలికైన మోడల్‌కు తొడిగితేనే గేమ్ ఆగకుండా నడుస్తుంది. గేమ్ ఆర్టిస్ట్‌కు అన్నం పెట్టే పనే అది. దాని మీద మాకు ఒక్క క్లాసూ జరగలేదు. చివరికి ఆయన మెల్లగా, "ఈ హెల్మెట్ ఈ నెలలో చూడటం నాలుగోసారమ్మా" అన్నారు.

ఇవాళ నాన్నతో వెళ్లి అడిగాను. చేరిన రోజు "అంకుల్, మీ అమ్మాయి బాధ్యత మాది" అని టీ తెప్పించిన కౌన్సెలర్ నాన్నను కూర్చోమని కూడా అనలేదు. రసీదు వెనక్కి తిప్పి, చీమతలకాయంత అక్షరాల కింద పెన్నుతో గీత గీసింది. ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ మాత్రమేనట. పైగా నాన్న ముఖం మీదే, "మీ అమ్మాయికి టాలెంట్ లేకపోతే మేమేం చేస్తాం అంకుల్?" అంది. నాన్న ఒక్క మాట అనలేదు. రసీదు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని "పద తల్లీ" అన్నారు. డబ్బు పోయినదానికంటే నాకు అదే ఎక్కువ నొప్పి.

ఆ రసీదు ఆరోజే తిప్పి చూడాల్సింది, చూడలేదు. 3డి మోడల్స్ చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితమని, గేమ్‌లు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్ నేర్చుకోవడానికి పైసా కట్టక్కర్లేదని కూడా డబ్బు కట్టాకే తెలిసింది.

మీరు చేరేముందు పాత విద్యార్థుల మోడల్స్ వైర్‌ఫ్రేమ్‌తో సహా చూపించమనండి. అన్నీ ఒకేలా ఉంటే లేచి వచ్చేయండి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి. రేపు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను. నా బ్యాచ్ వాళ్లు ఎవరైనా చదువుతుంటే రసీదులు పారేయకండి, నాకు మెసేజ్ పెట్టండి.