పసిబిడ్డకు తెగని జలుబు, దగ్గు: ముక్కు చుక్కలా, సిరప్పా, ఆవిరా?

ఏడాది నిండని బిడ్డకు జలుబు పట్టి, వారం దాటినా దగ్గు తెగకపోతే కొత్త తల్లిదండ్రుల ముందు నాలుగు మార్గాలు ఉంటాయి: ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు వేసి చీమిడి తీయడం, దగ్గు సిరప్ పట్టించడం, ఆవిరి పట్టడం, యాంటీబయాటిక్ కోసం డాక్టరును అడగడం. ఏ మందూ వేయకుండా కనిపెట్టుకుని ఉండడం కూడా ఒక మార్గమే గాని, అర్ధరాత్రి బిడ్డ దగ్గుతూ లేచి ఏడుస్తున్నప్పుడు అది ఎవరికీ మార్గంలా తోచదు. వీటిలో ఏది మేలో తేల్చేటప్పుడు దగ్గు చప్పుడు ఎంత తగ్గిందన్నది లెక్కలోకి తీసుకోకూడదని నా అభిప్రాయం. బిడ్డ పాలు తాగగలుగుతోందా, నిద్రపోతోందా, ఊపిరి తేలికగా ఆడుతోందా అన్నవే చూడాలి.

తొలి నెలల్లో పసివాళ్లు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తారు. వాళ్ల ముక్కు రంధ్రాలు చాలా సన్నవి కాబట్టి కొద్దిపాటి చీమిడి అడ్డుపడినా పాలు తాగుతూ ఊపిరి తీసుకోవడం కష్టమై, రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేసి ఏడుస్తారు. పడుకోబెట్టినప్పుడు ఆ చీమిడే గొంతు వెనకకు జారి దగ్గు తెప్పిస్తుంది. జలుబుతో వచ్చే రాత్రి దగ్గులో చాలా భాగం ఇలా ముక్కు నుంచి మొదలైనదే. సిరప్‌కూ సెలైన్‌కూ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది: ఒకటి దగ్గును అణచడానికి చూస్తుంది, రెండోది దగ్గుకు కారణమైనదాన్ని బయటికి తీస్తుంది.

పసివాళ్లలో జలుబు, దగ్గు సిరప్‌లు పనిచేస్తాయనడానికి సరైన ఆధారం లేదు. హాని మాత్రం ఉంది: వాటిలోని ముక్కు దిబ్బడ తగ్గించే మందులు గుండె వేగాన్ని పెంచగలవు, అలర్జీ మందులు మగతను కలిగించగలవు, మోతాదు కొంచెం మించినా చిన్న శరీరం తట్టుకోలేదు. అందుకే రెండేళ్లలోపు పిల్లలకు వీటిని వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2008లో హెచ్చరించింది. అదే ఏడాది అక్కడి తయారీదారులు తమ లేబుళ్ల మీద ఆ వయసును నాలుగేళ్లకు పెంచారు. పెద్ద పిల్లకు రాసిచ్చిన సీసాలో మిగిలినది చిన్నదానికి సగం మోతాదులో పట్టించడం, చాలా ఇళ్లలో జరిగేదే అయినా, మరీ ప్రమాదకరం.

సెలైన్ జలుబును నయం చేయదు, త్వరగా తగ్గిస్తుందని కూడా చెప్పలేం. కానీ పాలు పట్టడానికి కొద్దిసేపు ముందు ఒక్కొక్క రంధ్రంలో రెండు మూడు చుక్కలు వేసి, గట్టిపడిన చీమిడి మెత్తబడ్డాక సక్షన్ బల్బుతో (చీమిడి పీల్చే రబ్బరు బుడ్డితో) మెల్లగా లాగితే ఆ పూట పాలు కడుపులో పడతాయి. బల్బును ముక్కులో పెట్టిన తరువాత కాకుండా, ముందే నొక్కి పట్టుకుని ఆ తరువాత పెట్టాలి. రోజుకు నాలుగు సార్లు మించితే లోపలి పొర ఒరిసి వాచి, దిబ్బడ ఇంకా పెరగవచ్చు. కొనేటప్పుడు సీసా మీద 0.9 శాతం సోడియం క్లోరైడ్ అని మాత్రమే ఉందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే దిబ్బడ తగ్గించే ఆక్సీమెటాజోలిన్ వంటి మందు ఉన్న చుక్కలూ అదే వరసలో, అలాంటి సీసాల్లోనే దొరుకుతాయి; డాక్టరు చెప్పకుండా వాటిని పసివాళ్లకు వేయకూడదు.

ఆవిరి విషయంలో నాకు సందేహమే లేదు: మరుగుతున్న నీటి దగ్గరకు పసిబిడ్డను తీసుకెళ్లకూడదు. దానివల్ల కలిగే మేలు రుజువు కానిది, కాలిన గాయాలు మాత్రం నిజమైనవి. గది గాలి బాగా పొడిగా ఉంటే చల్లని పొగమంచులా తేమ వదిలే హ్యుమిడిఫయర్ కొంత ఉపశమనం ఇవ్వవచ్చు, అయితే దాని నీటిని రోజూ మార్చి తొట్టిని కడగకపోతే అందులో పెరిగే బూజు, బ్యాక్టీరియా గాలిలోకే వస్తాయి. కర్పూరం ఉన్న రుద్దే మందులు రెండేళ్లలోపు వాడకూడదు. కర్పూరం ఒంట్లోకి చేరితే ఫిట్స్ రావచ్చు. తేనె ఏడాది నిండేవరకు నాకించనే కూడదు, దానితో బాట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధి సోకే అవకాశం ఉంది. తల ఎత్తుగా ఉంటే ఊపిరి ఆడుతుందని దిండు పెట్టడమూ పొరపాటే. జలుబున్నా బిడ్డను చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. యాంటీబయాటిక్‌లు వైరస్‌ల మీద పనిచేయవు. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన బ్యాక్టీరియా సోకినట్టు కాదు.

ఇక ఎన్నాళ్లు వేచి ఉండాలన్నది మిగిలింది. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం పిల్లల్లో 90 శాతం మందికి దగ్గు తగ్గడానికి 25 రోజుల వరకు పడుతుంది. కాబట్టి రెండో వారంలో దగ్గు ఉండడం దానికదే ఆందోళన పడవలసిన విషయం కాదు. పాలు తాగుతూ, ఆడుకుంటూ, రోజురోజుకు కొంచెమైనా తేరుకుంటున్న బిడ్డకు సెలైన్, తరచుగా కొద్దికొద్దిగా పాలు, ఓపిక చాలు. నాలుగు వారాలు దాటితే మాత్రం ఎంత హుషారుగా ఉన్నా డాక్టరుకు చూపించాలి.

కొన్ని లక్షణాలకు ఆ గడువు వర్తించదు. మూడు నెలలలోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా, మామూలుగా తాగే పాలలో సగం కూడా తాగకపోయినా, 12 గంటలపాటు మూత్రం పోయకపోయినా అదే రోజు చూపించాలి. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే, పెదవులు నీలంగా మారితే, ఊపిరి మధ్యమధ్య ఆగిపోతుంటే క్షణం ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కోరింత దగ్గు సోకిన నెలల పిల్లల్లో ఆ పేరుమోసిన కూత వినిపించకపోవచ్చు, ఊపిరి ఆగడమే తొలి గుర్తు కావచ్చు. ఊపిరి వేగాన్ని బిడ్డ నిద్రపోతున్నప్పుడు లేదా స్థిమితంగా ఉన్నప్పుడు, పొట్ట కదలికను చూస్తూ, నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి: రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఆ పైన అయిదేళ్ల వరకు 40 లేదా అంతకు మించితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వేగమైన శ్వాసగా పరిగణిస్తుంది. దగ్గు తెర వచ్చినప్పుడు ఫోనులో ఒక చిన్న వీడియో కూడా తీసి ఉంచుకోవాలి, ఎందుకంటే డాక్టరు ముందుకు వెళ్లేసరికి చాలామంది పిల్లలు ఒక్కసారి కూడా దగ్గరు.