పాత ఓడ, మళ్లించిన ఓడ

నౌకాదళానికి ఓడ కావాలంటే వేరొకరి పాతది కొనుక్కోవచ్చు, లేదా వేరొకరి కోసం కట్టిన కొత్తదాన్ని మళ్లించుకోవచ్చు. ఏది మేలు? 1991లో డచ్ నౌకాదళంలో చేరిన ఫ్రిగేట్ (ఒక రకం యుద్ధనౌక) 'కారెల్ డోర్మన్'ను బెల్జియం కొనుక్కుని, 2007లో 'లియోపోల్డ్-1'గా పేరు మార్చింది. ఈజిప్టు దారి వేరు. ఫ్రాన్స్ తన నౌకాదళం కోసం కట్టిన సరికొత్త ఫ్రిగేట్ 'నార్మండీ'ని 2015 ఫిబ్రవరిలో బేరమాడి, జూన్‌లోనే 'తహ్యా మిస్ర్'గా అందుకుంది. సుమారు 6,000 టన్నుల ఓడ నాలుగు నెలల్లో చేతికొచ్చిందంటే మామూలు విషయం కాదు. అయితే క్రూయిజ్ క్షిపణులు మాత్రం దానితో రాలేదు.

నా ఓటు బెల్జియానికే. డోర్మన్ ఓడ బరువు 'తహ్యా మిస్ర్'లో సగమంతే, పైగా పాతది. కానీ బెల్జియం, డచ్ నౌకాదళాలు రెండింటికీ కమాండ్ ఒకటే. ఫ్రిగేట్ల మరమ్మతు డచ్చివారిది, మందుపాతరలు ఏరే ఓడలది బెల్జియంవారిది. బెల్జియం నావికుడు శిక్షణకు డచ్ నౌకాదళ స్థావరం డెన్ హెల్డర్ వెళితే, అక్కడ రేవులో తన ఓడకు తోబుట్టువులు, అంటే అదే నమూనా ఓడలు, కనిపించవచ్చు.