ఫిల్మ్ నగర్‌లో మూడు ఆదివారాలు, ఒక కెమెరామన్: మూకీ చిత్రాల కోర్సుపై సమీక్ష

ఫిల్మ్ నగర్‌లోని ఒక చిన్న ప్రివ్యూ థియేటర్‌లో వరుసగా మూడు ఆదివారాలు, సాయంత్రం 5 గంటల నుంచి 8.30 దాకా జరిగిన మూకీ చిత్రాల కోర్సుకు రూ. 2,400 కట్టి హాజరయ్యాను. దర్శకుడి పేరు మీదో, తారల పేరు మీదో కాకుండా కెమెరా వెనక నిలబడిన ఒక్క మనిషి పని మీదే, అంటే తొలితరం అమెరికన్ ఛాయాగ్రాహకుడు బిల్లీ బిట్జర్ మీదే నడిచే కోర్సు మన ఊళ్లో నేనెరిగి ఇదే మొదటిది. త్వరలో రెండో విడత పెడతామని నిర్వాహకులు చెబుతున్నారు కాబట్టి, చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నా సలహా ముందే చెప్పేస్తాను: చేరండి, కానీ డబ్బు కట్టే ముందు ప్రొజెక్టర్ ఏ వేగంతో నడుపుతారో అడగండి. నేను ఇరవై ఏళ్లకు పైగా ఒక ఫిల్మ్ ల్యాబ్‌లో ప్రింట్లు తనిఖీ చేసే పనిలో ఉన్నవాణ్ని. తెర మీద బొమ్మ నడక తేడాగా ఉంటే కుర్చీలో కుదురుగా కూర్చోలేను. ఈ సమీక్షలో కనిపించే చాదస్తానికి మూలం అదే.

పాఠం చెప్పినవారు పదవీ విరమణ చేసిన ఒక కెమెరామన్. అందరూ ఆయన్ను మాస్టారు అనే పిలిచారు. మొదటి ఆదివారం ఆయన బిట్జర్ బాల్యంతో కాకుండా చేతిపనితో మొదలుపెట్టడం నాకు నచ్చింది. బోస్టన్ పక్కనున్న రాక్స్‌బరీలో 1872లో పుట్టిన బిట్జర్ మొదట వెండిపని నేర్చినవాడు. 1890ల నడుమ న్యూయార్క్‌లో ఒక గారడీ సామాన్ల కంపెనీలో చేరాడు. ఆ కంపెనీయే కొద్దికాలానికి మ్యూటోస్కోప్ కంపెనీగా, ఆ తర్వాత బయోగ్రాఫ్‌గా మారింది. పెట్టెలోకి తొంగిచూస్తూ పిడి తిప్పితే కార్డులు పేజీల్లా కదిలి బొమ్మ ఆడే యంత్రం మ్యూటోస్కోప్. ఆ కార్డుల కోసం బొమ్మలు తీసే కెమెరా దాదాపు 68 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్మ్‌తో, విద్యుత్ మోటారుతో నడిచేది. అది ఒక్కడు ఎత్తగలిగే బరువు కాదు. దానిలో ఫిల్మ్‌కు ముందుగా రంధ్రాలుండవు, బొమ్మ తీస్తున్నప్పుడే కెమెరా వాటిని కొట్టుకుంటూ పోతుంది. అందుకే చిత్రీకరణ ముగిసేసరికి కెమెరా కింద ఫిల్మ్ ముక్కలు రాలి ఉండేవట. నగిషీ చెక్కేటప్పుడు రాలే వెండి రజను చూసి పెరిగిన మనిషికి ఆ దృశ్యం కొత్తగా అనిపించి ఉండదని మాస్టారు అన్నారు. ఆ ఒక్క మాటతో మనిషి కళ్ల ముందు నిలబడ్డాడు.

1896 అక్టోబరు 12న న్యూయార్క్‌లోని ఒలింపియా థియేటర్‌లో బయోగ్రాఫ్ బొమ్మలను ప్రేక్షకులకు చూపినప్పుడు ప్రొజెక్టర్ దగ్గర నిలబడింది బిట్జరే. అమెరికా అధ్యక్ష ఎన్నికల బరిలో ఉన్న మెకిన్లీ తన ఇంటి పచ్చికలో నడిచి రావడం, ఎంపైర్ స్టేట్ ఎక్స్‌ప్రెస్ రైలు దూసుకు రావడం ఆ రాత్రి బొమ్మల్లో ఉన్నాయి. రెండేళ్లకు స్పెయిన్‌తో యుద్ధం వస్తే కెమెరా పట్టుకుని క్యూబా వెళ్లాడు. 1899 నవంబరులో కోనీ ఐలాండ్‌లో జెఫ్రీస్, షార్కీల ముష్టియుద్ధాన్ని రాత్రిపూట వందల ఆర్క్ దీపాల కింద తీసిన కెమెరామెన్‌లో ఆయనా ఒకడు. ఇరవై అయిదు రౌండ్ల పాటు ఆ దీపాల వేడికి బాక్సర్ల నడినెత్తి మాడిపోయిందట. వీటిని మాస్టారు త్వరగా దాటించారు, అది సరైన పనే. 1905లో తీసిన న్యూయార్క్ భూగర్భ రైలు చిత్రం దగ్గర మాత్రం ఆగారు. రైలు మార్గం మొదలై అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ముందు ఒక రైలు పోతుంటే, వెనక రైలు ముందుభాగాన కెమెరా బిగించి, పక్క పట్టాల మీద దీపాలు మోసే మూడో బండిని అదే వేగంతో నడిపించి, పద్నాలుగో వీధి నుంచి నలభై రెండో వీధి దాకా సొరంగాన్ని తీశారు. స్తంభాలు వెలుగులోకి వచ్చి చీకట్లోకి జారిపోతుంటే, అమీర్‌పేట మెట్రో స్టేషన్ మీదుగా రోజూ తిరిగే కుర్రవాళ్లు కూడా చప్పుడు చేయకుండా చూశారు.

ఇప్పుడు ఫిర్యాదు. ఆ మొదటి ఆదివారం అన్ని చిత్రాలనూ సెకనుకు 24 ఫ్రేముల (విడివిడి బొమ్మల) చొప్పునే నడిపారు. మాటల సినిమాలు వచ్చాక స్థిరపడిన వేగం అది. బిట్జర్ దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్‌తో పనిచేసిన రోజుల్లో కెమెరామన్ చేత్తో పిడి తిప్పేవాడు, వేగం సుమారు 16 ఫ్రేములు ఉండేది. ఒక అడుగు ఫిల్మ్‌లో 16 ఫ్రేములుంటాయి కాబట్టి వెయ్యి అడుగుల రీలు ఆ వేగంలో 16 నిమిషాల 40 సెకన్లు ఆడాలి. 24 వేగంలో అది 11 నిమిషాలకే అయిపోతుంది. ఏడుస్తున్న తల్లి తోలుబొమ్మలా గెంతుతుంది. 1909 నాటి ‘ఎ డ్రంకర్డ్స్ రిఫర్మేషన్’ చివరి దృశ్యంలో సంసారం చక్కబడిన తాగుబోతు కుటుంబం పొయ్యి ముందు కూర్చుంటుంది, వెలుగంతా ఆ మంట నుంచే వస్తున్నట్టు ముఖాల మీద పడుతుంది. గదంతా సమానంగా వెలిగించడమే ఆనవాయితీగా ఉన్న కాలంలో బిట్జర్ చేసిన సాహసం అది. అలాంటి చోట హాల్లో నవ్వులు వినిపించాయంటే తప్పు ప్రేక్షకులది కాదు. మొదటికాలపు మోటారు కెమెరాతో తీసిన బొమ్మలకు సెకనుకు 30కి పైగా ఫ్రేములు ఉండేవి గనుక అవి ఇదే 24 వేగంలో ఈదుతున్నట్టు నెమ్మదిస్తాయి. అంటే ఒకే మీట ఒక చిత్రాన్ని పరుగెత్తించి, ఇంకొకదాన్ని ఈడ్చింది. విరామంలో ఈ మాట చెబితే నిర్వహణ చూస్తున్న యువకుడు, “అంకుల్, పాత సినిమాలు అలాగే ఉంటాయి కదండీ” అన్నాడు. ఆ జవాబు విని నాకు కోపం కంటే బాధ కలిగింది. మాస్టారు మాత్రం విన్నారు. రెండో ఆదివారానికి వేగం సరిచేశారు, అందరికీ క్షమాపణ కూడా చెప్పారు. పొయ్యి ముందు దృశ్యాన్ని మళ్లీ వేశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కోర్సుకు ప్రాణం ఆ రెండో ఆదివారమే. బల్ల మీద వడ్రంగి చేత చేయించిన ఒక చెక్క పెట్టె పెట్టారు. దానికి పిడి, లోపల ఒక గంట. పిడి ఒక చుట్టుకు ఎనిమిది ఫ్రేములు, సెకనుకు రెండు చుట్లు తిరగాలి. లయ తప్పితే ఎర్రదీపం వెలుగుతుంది. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ ఒక నిమిషం పాటు తప్పకుండా తిప్పినవారు మా నలభై మందిలో నలుగురే. ఆనాటి కెమెరామెన్‌లో కొందరు వేగం నిలుపుకోవడానికి పాట కూనిరాగం తీసేవారని విన్నాం. నేను చుట్టుకో ‘తకధిమి’ చొప్పున మనసులో అనుకుంటూ నలభై సెకన్లు లాగాను. ఆ తర్వాత ‘ఇప్పుడు మీ ఎదురుగా ఇద్దరు కొట్టుకుంటున్నారు, చూస్తూ తిప్పండి’ అని మాస్టారు అనగానే ఎర్రదీపం వెలిగింది. కెమెరామన్ ఉద్వేగం నేరుగా తెర మీది కాలాన్ని మార్చేస్తుందన్న సంగతి పుస్తకాల్లో చదివి ఉన్నాను. మణికట్టుకు తెలియడం వేరు.

అదే రోజు రంగుల పాఠం జరిగింది. అప్పటి ఫిల్మ్‌కు ఎరుపు కనిపించదు, నీలం మరీ ఎక్కువగా కనిపిస్తుంది. ఇది చెప్పడానికి మాస్టారు ముందు వరుసలోని ఒకావిడను, “అమ్మా, మీ బొట్టు ఒకసారి అరువివ్వండి” అని అడిగి, ఆమె ముఖం ముందు నీలపు గాజు పలక పట్టారు. ఎర్రటి కుంకుమ బొగ్గులా నల్లబడింది, ఎర్రంచు చీర మసిబట్టినట్టయింది. పెదవులకు ఎర్రరంగు పూసుకున్న నటి తెర మీద ఎందుకు నల్లటి నోటితో కనిపిస్తుందో, ఆకాశం మబ్బులు లేకుండా సున్నం కొట్టిన గోడలా ఎందుకు ఉంటుందో ఒక్క క్షణంలో అర్థమైంది. పద్నాలుగో వీధిలోని బయోగ్రాఫ్ స్టూడియో లోపల వాడిన పాదరస ఆవిరి దీపాల నీలిపచ్చ కాంతి ఈ ఫిల్మ్‌కు సరిపోయేది గానీ, వాటి కింద నిలబడ్డ నటులు ఒకరికొకరు పీనుగుల్లా కనిపించేవారట.

వెనక వెలుగు గురించి బిట్జర్ తన ఆత్మకథలో చెప్పుకున్న ఉదంతాన్ని మాస్టారు చక్కగా వాడుకున్నారు. భోజన విరామంలో నటీనటులు మేరీ పిక్‌ఫర్డ్, ఓవెన్ మూర్ ఎండకు వీపు పెట్టి కూర్చుని ఉంటే ఆయన సరదాకు కొన్ని అడుగులు తీశాడు. తీసి చూస్తే జుట్టు చుట్టూ వెలుగు అంచు, కింది నుంచి ఎగసిన కాంతితో ముఖాలు స్పష్టంగా వచ్చాయి. సూర్యుడు కెమెరామన్ వీపు వెనకే ఉండాలన్న నియమం అలా సడలిందంటారు. తన ఆత్మకథలో ఎవరైనా తనను తాను కాస్త ముందుకు నెట్టుకుంటాడు కాబట్టి నేను ఇలాంటివాటిని సగమే నమ్ముతాను. తెర మీద కనిపించేది మాత్రం నమ్మక తప్పదు. 1912 నాటి ‘ది మస్కెటీర్స్ ఆఫ్ పిగ్ ఆలీ’లో ముఠా నాయకుడు ఇటుక గోడను ఆనుకుని పాకుతున్నట్టు ముందుకొచ్చి, చివరికి ముఖమే తెర నిండిపోయే దాకా దగ్గరవుతాడు. ఆ నాలుగు క్షణాల కోసం రూ. 2,400లో సగం ఇచ్చుకోవచ్చు.

1915 నాటి ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ను మొత్తం వేయకుండా ఇరవై నిమిషాలే చూపారు. నల్లజాతివారిని రాక్షసులుగా, వారిపై దాడులు చేసే తెల్లజాతి ముఠా కూ క్లక్స్ క్లాన్‌ను రక్షకులుగా చూపిన చిత్రమని, ఆనాడే నల్లజాతి హక్కుల సంఘం దానిపై నిరసన తెలిపిందని ముందుగా చెప్పారు. బాగుంది. కానీ ఒక విద్యార్థిని లేచి, “సార్, ఇంత ద్వేషాన్ని ఇంత అందంగా తీసినవాడికి బాధ్యత లేదా?” అని అడిగితే, చెప్పింది తీయడమే కెమెరామన్ పని అని మాస్టారు దాటవేశారు. ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించను. బిట్జర్ జీతగాడు మాత్రమే కాదు, తాను దాచుకున్న 7,000 డాలర్లను ఆ చిత్రంలో పెట్టుబడిగా పెట్టినవాడు. ఈ సంగతి చెప్పి ఉంటే ఆ అమ్మాయి ప్రశ్నకు బలం వచ్చేది. కోర్సులో పాఠం పలచబడిన చోటు ఇదొక్కటే.

మూడో ఆదివారం ‘ఇంటాలరెన్స్’తో మొదలైంది. 1916లో హాలీవుడ్‌లో నిలబెట్టిన బాబిలోన్ నగరపు సెట్టులోకి పట్టాల మీద నడిచే ఎత్తయిన గోపురం, దానిలో లిఫ్టు, లిఫ్టులో కెమెరా. ముందుకు సాగుతూనే కిందికి దిగే ఆ చిత్రీకరణను సరైన వేగంలో చూస్తే ఊపిరి బిగపట్టాల్సిందే. ఆ తర్వాతి కథంతా దిగుడే. 1919లో ‘బ్రోకెన్ బ్లాసమ్స్’ వచ్చేసరికి నటి లిలియన్ గిష్ ముఖాన్ని మెత్తటి మసక వెలుగులో తీయడానికి గ్రిఫిత్ హెండ్రిక్ సార్టోవ్ అనే మరో ఛాయాగ్రాహకుణ్ని తెచ్చుకున్నాడు. బిట్జర్ వాటా క్రమంగా తగ్గింది. పక్క పక్కనే రెండు దృశ్యాలు వేసి, ఏది ఎవరు తీశారో మమ్మల్నే చెప్పమన్నారు. పేర్లు తెలియకపోయినా దాదాపు అందరం సరిగ్గా చెప్పాం. 1926లో న్యూయార్క్‌లో కెమెరా పనివారి సంఘం ఏర్పడినప్పుడు ముందు నిలబడ్డవారిలో బిట్జర్ ఉన్నాడు. మాటల సినిమాలు వచ్చేసరికి మాత్రం ఆయనకు పని దాదాపు లేకుండా పోయింది. 1930ల చివర న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం ఫిల్మ్ లైబ్రరీలో తన పాత చిత్రాలనే సర్దే పని చేసి, 1944లో హాలీవుడ్‌లో చనిపోయాడు. ఈ భాగానికి మాస్టారు పావుగంట కూడా ఇవ్వలేదు. గొంతు కాస్త తడబడింది కాబట్టి నేను దాన్ని లోపంగా లెక్కపెట్టను.

కొన్ని చిత్రాల్లో గరుకుదనం చూసి పక్కవారు పాడైన ప్రింట్లని గొణిగారు, నిర్వాహకులు వివరించలేదు. 1912 దాకా అమెరికాలో సినిమాకు ప్రత్యేకంగా కాపీరైటు లేదు. అందుకని కంపెనీలు సినిమా మొత్తాన్ని కాగితం చుట్టల మీద ఫోటోలుగా ముద్రించి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు సమర్పించేవి. అసలు నైట్రేటు ఫిల్ములు కాలిపోయినా, కుళ్లిపోయినా ఆ కాగితాలు మిగిలాయి. దశాబ్దాల తర్వాత వాటి నుంచే ఒక్కో బొమ్మనూ తిరిగి ఫిల్మ్ మీదికి ఎక్కించారు. తెర మీద కనిపించే గరుకుదనంలో కాగితపు పీచు కూడా ఉంది. 1920లలో ధీరేన్ గంగూలీ ఈ హైదరాబాదులోనే లోటస్ కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. మనకు అలాంటి కాగితపు చుట్టలు ఉండి ఉంటే ఎంత బాగుండేదని అనిపించింది.

ఇక సౌకర్యాల సంగతి. హాలు శుభ్రంగా ఉంది, ఏసీ చలి ఎక్కువ, శాలువా తీసుకెళ్లండి. విరామంలో ఇచ్చే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఫీజులోనే ఉన్నాయి. కీబోర్డు వాయించిన కుర్రవాడు తెరను చూస్తూ వాయించాడు, అది అన్నిచోట్లా దొరకదు. చేతికిచ్చిన ముప్పై పేజీల పుస్తకం పూర్తిగా ఇంగ్లిష్‌లో ఉంది. పాఠమంతా తెలుగులో చెప్పి పుస్తకం ఇలా ఇవ్వడం ఎందుకో తెలియదు. బండి పెట్టుకునే చోటు ఇరుకు, వాలు మీద ఉంది. ముందు రెండు వరుసల నుంచి తెర మరీ దగ్గర. నాలుగో వరుస మధ్యలో కూర్చోవడం మంచిది.

రెండో విడతకు నేను మళ్లీ పేరు ఇచ్చాను. తొలి ఆదివారం నుంచే 16 ఫ్రేముల వేగం పాటిస్తామని ఈసారి నిర్వాహకులు వాట్సాప్‌లో రాసి పంపారు. స్టాప్‌వాచ్ మాత్రం జేబులో వేసుకునే వెళతాను.