మోడల్ టీ కారా, రేడియోనా: అమెరికా పల్లెను ఎక్కువగా మార్చిందేది?

రెండూ పల్లె ఒంటరితనాన్ని పోగొట్టినవే. నన్నడిగితే మాత్రం నా ఓటు కారుకే.

1908లో ఫోర్డ్ మోడల్ టీ ధర 850 డాలర్ల దాకా ఉండేది. 1913లో ఫోర్డ్ హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో, కారే పనివాళ్ల ముందుకు కదిలొచ్చే అసెంబ్లీ లైన్ మొదలయ్యాక, పన్నెండు గంటలకు పైగా పట్టే ఛాసిస్ (కారు అడుగు చట్రం) బిగింపు గంటన్నరకు దిగింది. 1920లలో ధర 300 డాలర్ల లోపుకొచ్చేసింది. రైతులు దాన్ని ప్రయాణాలకే వాడలేదు. వెనక చక్రాన్ని జాకీతో లేపి, బెల్టు తగిలించి కట్టెలు కోశారు, నీళ్లు తోడారు. మొదట్లో ముందున్న హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయాలి, అది వెనక్కి తన్నిందా, చెయ్యి విరిగేది! అయినా జనం వదల్లేదు. 1927 కల్లా కోటిన్నర కార్లు తయారయ్యాయి.

రేడియో దారి వేరు. 1920 నవంబర్ 2న పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ రేడియో స్టేషన్ అధ్యక్ష ఎన్నికల ఫలితాలు ప్రసారం చేసింది. కరెంటు లేని పల్లెల్లో బ్యాటరీ సెట్లు పెట్టుకున్నారు. 1933 మార్చి 12న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రేడియోలో బ్యాంకుల సంక్షోభం గురించి ఇంట్లో మనిషిలా విడమరిచి చెప్పాడు. మూతపడ్డ బ్యాంకులు తెరవగానే జనం దాచుకున్న డబ్బు తెచ్చి మళ్లీ జమచేశారు. అది కారు వల్ల అయ్యే పని కాదు, ఒప్పుకుంటాను.

కానీ అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఇల్లాలి దగ్గరికి డాక్టరును తీసుకొచ్చింది మాత్రం కారే.