అమలాపురంలో ఒక విదేశీ విద్యా సలహా కేంద్రం: మా అనుభవం
పీజీ చదువుతూనే విదేశంలో స్వచ్ఛంద సేవ చేయవచ్చేమో తెలుసుకుందామని, వ్యవసాయ డిగ్రీ పూర్తిచేసిన మా అన్నయ్య కూతురిని వెంటబెట్టుకుని అమలాపురంలోని ఒక సలహా కేంద్రానికి వెళ్లాను. కొబ్బరినీళ్లు ఇచ్చి మర్యాదగానే కూర్చోబెట్టారు కానీ, 1961లో మొదలైన అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్‌లో రెండేళ్ల సేవను మాస్టర్స్ డిగ్రీతో కలిపే పథకమంటూ వారు చూపిన కరపత్రం 2016లోనే ముగిసిన కార్యక్రమానిది. పైగా ఆ సంస్థ అమెరికా పౌరులను మాత్రమే తీసుకుంటుందన్న మాటే ఎత్తలేదు. నేను అడిగాకే ఒప్పుకున్నారు. భారతీయులకూ అవకాశమున్న ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం గురించి, అందులో లభించే జీవన భృతి గురించి అక్కడి యువ ఉద్యోగిని ఓపికగా, తప్పుల్లేకుండా వివరించారు. రెండు వేల రుసుము ఆ అరగంటకే చెల్లించామనుకుంటాను. వీసా పత్రాల పనికైతే మళ్లీ వెళ్తాను గానీ, ఇటువంటి సలహాకు వెళ్లను.